ఇత్తడి మూతి కారు

మొదటి గేరు. క్లచ్చి సగం తొక్కి సగం వదిలి, ఎడమ కాలు గాల్లో వేలాడుతున్నట్టు నిలిపి, ముందు సన్నాయివాళ్ళు ఎంత నడిస్తే అంత నడిచి, వాళ్ళు ఆగితే ఆగి, దీన్ని కారు నడపడం అనరు, కారుని చంకనెత్తుకుని నడవడం అంటారు. కోటబొమ్మాళి స్టేషనులో మధ్యాహ్నం పాసింజరు దిగిన మగపెళ్ళివారంతా నా వెనక, బాజాలు నా ముందు, పెళ్ళికొడుకు నా పక్క సీట్లో, ఆడపెళ్ళివారి ఇల్లేమో సంత వీధి ఆ చివర, మధ్యలో ఊరంతా. బోనెట్టు కింద నీళ్ళు అప్పుడే గుడగుడమంటున్నాయి, ఆ చప్పుడు బాజాల్లో ఎవరికీ వినపడదు, నాకు మాత్రం అరికాళ్ళలోంచి తెలుస్తోంది. ఎండ వాలింది గాని వేడి వాలలేదు. నెత్తి మీద టోపీ ఒకటి, చెమట దాని అంచు కింద చేరి చెవుల వెనక్కి కారుతోంది. ఈ టోపీ నాది కాదు, డ్రైవరు టోపీ, స్టేషను బయట అప్పలసూరి తన సంచీలోంచి తీసి నా నెత్తిన పెట్టాడు. పెళ్ళికొడుకు తండ్రి, ఇవాళ ఆయన మాట కాదనలేం. "ఈ ఒక్క పూటకి నువ్వు నగరేశ్వరరావు గారి డ్రైవరువి, జగన్నాధం బావా. ఎవులైనా అడిగితే కారు ఇజీనారం నుంచి ఆయనే పంపేరని సెప్పు. నీ సొమ్మేటి పోద్ది" అన్నాడు. నా సొమ్మేం పోతుంది. కారు నాది, దాన్ని మార్చింది నేను, రాత్రీ పగలూ దాని కింద పడుకున్న వీపు నాది, పేరొక్కటి ఆయనది.

"ఇజీనారం కారొచ్చిందర్రా" అని ఒక అరుగు మీంచి ఇంకో అరుగు మీదకి కబురు నాకంటే ముందు నడుస్తోంది. పిల్లల్ని చంకలో వేసుకుని ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వస్తున్నారు. ఉక్కు ఫ్యాక్టరీ కావాలని రాసిన గోడ పక్కన, సున్నం వెలిసిపోయి అక్షరాలు సగం మిగిలిన చోట, ఒక ముసలాయన కర్ర మీద గడ్డం ఆనించి, "ఎంతైనా కొత్త మోడలు కొత్త మోడలే, ఆ జగన్నాధంగాడి బండి కూడా ఒక బండేనా" అన్నాడు, నా మొహంలోకి చూస్తూనే అన్నాడు, టోపీ కింద మొహం ఎవడు చూస్తాడు. ఆయన కూతురు పెళ్ళికి ఈ కారే, ఈ నేనే. అప్పుడు దీపాలు రెండూ పీత కళ్ళలా పైకి పొడుచుకుని ఉండేవి, ముందు జాలీ దేవుడి మందసంలా నిటారుగా ఉండేది, మడ్‌గార్డులు నాలుగూ దేనికది రెక్కల్లా విడిగా ఉండేవి. ఇప్పుడు దీపాలు బుగ్గల్లోకి దిగిపోయాయి, మూతి వెడల్పయింది, రెక్కలన్నీ ఒంట్లో కలిసిపోయాయి, పక్కనించి చూస్తే నీళ్ళలో జారే చేపలా ఒకే గీత. గుర్తుపట్టలేదు ముసలాయన. గుర్తుపట్టకపోతేనే నేను గెలిచినట్టు. ఇదే కావాలనుకున్నాను, ఏడాదిపాటు ఇదే అనుకున్నాను. టోపీ అంచు ఇంకాస్త కిందికి లాక్కున్నాను.

విజయనగరంలో నగరేశ్వరరావుకి నూనె మిల్లుంది, మేడ ఉంది, కొడుకుల చదువులున్నాయి, వాటితోపాటు విశాఖలో ఎవరో దొర దేశం వెళ్ళిపోతూ ఇచ్చిన టాపు లేని ఎర్ర కారుంది. టాపు లేని కారు విజయనగరానికీ మా ఊరికీ మధ్య అంతవరకూ నాదొక్కటే. పెళ్ళికొడుకు పదిమందికీ కనపడాలి, బాసికం కనపడాలి, అందుకని ఇచ్ఛాపురం నించి కూడా మనిషి వచ్చి అడిగేవాడు. నేను దాని మీద బతికేవాణ్ణి. ఆయన దాన్ని ఊరికే ఇచ్చేవాడు, మాట మంచిగా ఉన్నవాళ్ళకి, ఓట్లు ఉన్నవాళ్ళకి, చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ళకి. ఊరికే వచ్చేదాని ముందు నిలబడడం మహా కష్టం, అదీ కొత్త మోడలైతే మరీను. ఆయన ఇవ్వనన్నాకే నా గుమ్మం తొక్కేవారు, తొక్కి కూడా, "అలాంటిది కాదు గాని, ఏదో ఒకటి" అనేవారు. ఏదో ఒకటి. ఒకసారి మిల్లు దగ్గర ఆ కారు దీపం చుట్టూ జాన వేసి కొలుస్తుంటే వెనకనించి వచ్చాడు, తెల్లటి పంచె, వేలికి పచ్చ ఉంగరం, కోపం లేదు మనిషిలో, అదే మంట. "చెయ్యి తియ్యి జగన్నాధం, మరకలు పడతాయి" అన్నాడు. తరవాత గుమాస్తాలకి వినపడేలా, "నీ బండిని శ్రీముఖలింగం పంపించెయ్యవోయ్, అక్కడ పాత గుడి రాళ్ళలో కలిసిపోతుంది, చూడ్డానికి జనం కూడా వస్తారు" అన్నాడు. గుమాస్తాలు నవ్వారు, నవ్వడానికి జీతం తీసుకునేవాళ్ళు నవ్వకపోతే ఎలా. నేనూ నవ్వాను, అది తలుచుకుంటేనే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. జాన మాత్రం మరిచిపోలేదు. దీపానికి జాన, మూతికి మూడు జానలు బెత్తెడు, చేతిలోనే పెట్టుకుని ఇంటిదాకా బస్సులో పిడికిలి విప్పకుండా వచ్చాను, విప్పితే కొలత జారిపోతుందన్నట్టు.

ఆగింది. ముందు కర్రసామువాళ్ళు ఆగారు, ప్రతి మలుపులోనూ ఆగుతారు, దుమ్ములో గుండ్రంగా తిరుగుతూ కర్రలు టకటకమనిపిస్తారు, చూసేవాళ్ళకి సరదా, నాకు ఇంజనులో ప్రాణం. నడుస్తుంటే కాస్తయినా గాలి తగులుతుంది, ఆగితే ఏముంది, పొయ్యి మీద ఎసరే. ఆవిరి సన్నగా మూతి పక్కనించి లేచింది, సాంబ్రాణి పొగ అనుకుని ఒకావిడ దణ్ణం పెట్టింది. పక్కన పెళ్ళికొడుకు కాలి దగ్గర ఏదో వెతుకుతున్నాడు. ఆమదాలవలసలో బియ్యం కొట్టు వాళ్ళది, ఆ కుర్రాడికి పందిట్లో కూర్చోవాలన్న భయం తప్ప మొహంలో ఇంకేం లేదనుకున్నాను. సీటు అంచున వేలు పెట్టి ఆపాడు. "మావా" అన్నాడు, మెల్లిగా, పెదవులు కదపకుండా, "మా అక్క పెళ్ళికి తోడుపెళ్ళికొడుకునని నన్నీ సీట్లో కూకోబెట్టేరు. ఈ సుట్ట కాలిన కన్నంలో దారంతా వేలెట్టుకుని కూకున్నాను. ఇది అదే కన్నం." నేను ముందుకే చూస్తున్నాను. "ఇజీనారం కార్లకి కూడా కన్నాలుంటాయి బాబూ" అన్నాను. "ఉంటాయి" అన్నాడు, "నా వేలికి సరిపోయే కన్నం ఇదొక్కటే." వేలు మాత్రం తియ్యలేదు.

జమీందారీ ఎస్టేటు చినదొరగారి చుట్ట అది. ఆయన దగ్గర నేను చేరేనాటికి నాకింకా గడ్డం మొలవలేదు. థర్డ్ ఫారంలో నాన్న పోయాడు, పుస్తకాలు మూటకట్టి మేనమామ ఎవరికో ఇచ్చేశాడు, నన్ను లారీ మీద క్లీనరుగా ఎక్కించాడు, లెక్కల మాస్టారు ఒకసారి దారిలో కనపడి, "నువ్వు చదవాల్సినవాడివిరా" అని జాలిపడి వెళ్ళిపోయాడు. ఆ ఒక్కమాట అనకుండా ఉంటే నేను హాయిగా ఉందును. చినదొరగారికి ఇంగ్లీషు కారు మీద మోజు, తుడవడానికి నేను, తరవాత నడపడానికి నేను. ఎస్టేటు పోయింది, ఏనుగు పోయింది, దొరగారి గొంతు కూడా చిన్నదైపోయింది, కారు పశువులశాలలో చేరింది, దాని సీటు కింద కోడి గుడ్లు పెట్టేది. "తీసుకుపోరా, నా కళ్ళ ముందు చావనీకు" అన్నారొకనాడు. ఎడ్లని కట్టి లాక్కొచ్చాను. ఆ రోజు మా ఆవిడ తాయారు గుమ్మంలో నిలబడి, పైట నోటికి అడ్డం పెట్టుకుని, "ఏటిది, ఇద్దరు కూకోడానికా ఇంత బండి" అని నవ్వింది. ఇద్దరమేగా మేం. అప్పుడూ ఇద్దరమే, ఇప్పుడూ ఇద్దరమే. తాయారుని ఆ సీట్లో ఒక్కనాడైనా కూర్చోబెట్టానా. పెళ్ళికొడుకుల సీటది, ఆడది కూర్చుంటే బేరం పోతుందని ఎవడో అంటే విన్నాను. ఏవేవి వినాలో అవి వినలేదు గాని.

కదిలింది. మళ్ళీ సన్నాయి, మళ్ళీ సగం క్లచ్చి, పిక్కలో నరం కొంకర్లు పోతోంది, పోనీ. బుడితిలో ఎల్లాజీది కంచరి కొట్టు, ఇత్తడి బిందెల పని, పొద్దస్తమానం సుత్తి చప్పుడుతో ఆ వీధిలో మాట్లాడేవాళ్ళంతా అరుస్తారు. ఇనప రేకు మీద నేను మూడుసార్లు ప్రయత్నించాను, రేకు వంగుతుంది గాని ఉబ్బదు, ఉబ్బితే చీలుతుంది. ఆ గుండ్రం, ఆ బుగ్గ, అది బిందెకి వస్తుంది, చెంబుకి వస్తుంది, నా రేకుకి రాదు. ఎల్లాజీని బస్సెక్కించి మిల్లు గోడ దగ్గరికి తీసుకెళ్ళాను. గోడ మీంచి తొంగి చూసి తమలపాకు నములుతూ, "దీనికేటి ఇంత ఇది. రెండు బిందెల మెడలు, ఒక తాంబాళం, మద్దిలో బోర్లించిన గంగాళం. దొరలు మన సామాను సూసే సేసేరు" అన్నాడు. ఎల్లాజీకి పొగరెక్కువ, నాకు ఆ పొగరే కావాలి. బిందెలు సంతలో దొరికాయి, గంగాళం దొరకలేదు, పాతకాలపు మందం ఇప్పుడెవరు పోస్తున్నారు. ఇంట్లో ఉన్నదొక్కటే, తాయారు పుట్టింటిది, వంద మందికి అన్నం వండేది, దాని మీద వాళ్ళమ్మ చుక్కలు చుక్కలుగా తాయారు అని పేరు కొట్టించి ఇచ్చింది. అడగడానికి నోరు తెరవలేదు నేను. చూస్తూ ఉండగా తనే మూలనించి దొర్లించుకుంటూ తెచ్చింది, నేల మీద రుబ్బురోలు దొర్లిన చప్పుడు. "మనిద్దరికి ఇందులో ఏం వండుతాను, బోర్లిస్తే పిల్లి పడుకుంటన్నాది" అంది. గుమ్మం దాటించాక, "పేరు మాత్తరం సెరపొద్దని సెప్పు ఎల్లాజీతో" అంది. అదొక్కటే అడిగింది.

ఎల్లాజీ చెరపలేదు. గంగాళం చీల్చి పరిచి, కాల్చి, కొట్టి, బిందెల మెడలకి టంకం పెట్టి అతికి, ఆ పేరు సరిగ్గా మూతి మీద, జాలీకి పైన, మధ్యకి వచ్చేటట్టు పెట్టాడు. కావాలని పెట్టాడో, అలా పడిందో. "గరుగ్గా వదిలెయ్యి, రంగు పట్టాలి" అని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను. వెళ్ళి చూస్తే అద్దం. చింతపండు పెట్టి, ఇటుక పొడి పెట్టి, బూడిద పెట్టి తోమించి, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని మొహాలు చూసుకుంటున్నారు. "గరుగ్గా వదలమన్నాను కదరా" అంటే, "మెరవని సామాను నా కొట్టు గడప దాటితే మా తాత పైనుంచి ఉమ్మేస్తాడు" అన్నాడు. నేను గరుకు కాగితం తియ్యబోతే సుత్తి పట్టుకుని అడ్డం నిలబడ్డాడు. సరే, అద్దం మీదే వేశాను రంగు, దోమల మందు కొట్టే పంపులో ఎర్ర రంగు కలిపి, పూత మీద పూత, నగరేశ్వరరావు ఎరుపే, ఇసుమంత తేడా లేదు. మొదటి పూతలో పేరు కనపడుతూనే ఉంది. తరవాతి పూతకి చుక్కలే కనపడ్డాయి. ఆ తరవాత వేలితో తడిమితే తగిలేవి, అంతే. తాయారు వచ్చి చుట్టూ తిరిగింది, ఆ చోట వేలు పెట్టి చూసింది, బాగుందంది, లోపలికెళ్ళిపోయింది. బాగుందన్న మాట ఒక్కోసారి తిట్టుకంటే లోతుగా దిగుతుంది.

పందిరి కనపడుతోంది, సంత వీధి చివర, కొబ్బరాకుల పందిరి, అరటి బోదెలు. రంగు మీద బుడగ కూడా కనపడుతోంది. ఇందాకటినించీ చూస్తున్నాను, కాదనుకుంటున్నాను. మూతి మీద, సరిగ్గా ఆ చోట, పొంగిన పూరీలా చిన్న బుడగ, దాని పక్కన ఇంకోటి. ఇది ఊడితే అయిపోయాను. జిల్లా అంతా తెలుస్తుంది, జగన్నాధంగాడు గిన్నెలు అతికి కొత్త మోడలన్నాడని, మిల్లులో గుమాస్తాలు ఈసారి ఊరికే నవ్వుతారు. ఊడకపోతే? ఊడకపోతే ఏమవుతుంది, ఎవరికీ ఏం తెలీదు, పందిట్లోకి నగరేశ్వరరావు కారు వెళ్తుంది, నగరేశ్వరరావు కారు బయటికొస్తుంది, వచ్చే పెళ్ళికి మళ్ళీ టోపీ, ఆపై పెళ్ళికి మళ్ళీ టోపీ, నా ఒళ్ళూ తాయారు గంగాళమూ ఆయన పేరు మీద ఊరేగుతాయి, ఊపిరున్నంతకాలం. రెండిట్లో ఏది నాకు భయమో తేల్చుకోలేకపోతున్నాను, పదండిరా, ఆ కర్రలు ఆపండి, ఒక్క పది బారలు.

పందిరి ముందు లక్ష్మణమ్మ నిలబడి ఉంది, పెళ్ళికూతురి నాయనమ్మ, ముగ్గుబుట్ట తల, చేతిలో పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళ పళ్ళెం. పెళ్ళికొడుక్కి దిష్టి తీసి నీళ్ళు నేల మీద పొయ్యాలి. ఆవిడ తీసింది, పొయ్యబోయి ఆగింది, కళ్ళు చికిలించి కారుని చూసింది. "ఊరి కళ్ళన్నీ కుర్రోడి మీద కాదు, దీని మీదే పడ్డాయి" అంటూ పళ్ళెంలో నీళ్ళు మొత్తం మూతి మీద విసిరేసింది. చల్లటి నీళ్ళు, కాగిపోతున్న ఇత్తడి. అప్పడం నూనెలో వేసినట్టు చిటపటమంది. సన్నాయి ఆగింది. నిలువెత్తు ఆవిరి లేచి, అది తేలిపోయేసరికి రంగు పెళ్ళ ఒకటి అరచేతి మేర పైకి లేచి వంకర తిరిగి నిలబడింది, కింద పచ్చగా ఏదో మెరిసింది. అప్పలసూరి ఒక్క అంగలో వచ్చి భుజం మీది జరీ కండువా తీసి దాని మీద కప్పేశాడు, నాకేసి చూడకుండా, "పోనీ బావా, పందిట్లోకి పోనీ" అని పళ్ళ మధ్యనించి అన్నాడు.

కాలు క్లచ్చి మీద ఉంది. తీస్తే ముందుకి పోతుంది, అంతే పని. పెళ్ళికొడుకు నాకేసి చూశాడు, వేలు ఇంకా కన్నంలోనే ఉంది. నేను ఇంజను ఆపాను. దిగాను, పిక్క పట్టేసి కుంటుతూ ముందుకి వచ్చాను, కండువా తీసి మడిచి అప్పలసూరి భుజం మీద వేశాను, లేచిన పెళ్ళ కింద గోరు పెట్టి లాగాను. వచ్చింది, అరిటాకు ఈనె చీల్చినట్టు చివరిదాకా వచ్చింది, ఎల్లాజీ మెరుగు మీద అది ఎప్పుడూ పట్టుకోనేలేదు. లక్ష్మణమ్మ ముందుకి వంగి కొంగుతో తడి తుడిచి, చుక్కల మీద వేలు నడిపింది, తన వంటింట్లో సామాను చదివినట్టే చదివింది. "తా... యా... రు. ఎవులీ తాయారు?"

"నా ఇల్లాలు" అన్నాను, నా గొంతు ఇంత ఉందా అనిపించింది, "ఇది దాని పుట్టింటి గంగాళం. కారు నాది. ఇజీనారంది కాదు, ఎవులూ పంపలేదు. పాత బండినే నేను ఇలా సేసేను, ఇత్తడి పని బుడితి ఎల్లాజీది." టోపీ తీసి ఎక్కడ పెట్టాలో తెలీక అరటి బోదె మీద తగిలించాను. వెనకనించి ఎవడో, "ఓలమ్మో, గంగాళానికి సక్రాలు కట్టేడర్రా" అన్నాడు, నవ్వు లేచింది, వీధి చివరిదాకా పాకింది. ఆ నవ్వుకే కదా ఇన్నాళ్ళూ చచ్చాను. వచ్చింది, నా మీంచి వెళ్ళింది, నేను నిలబడే ఉన్నాను. లక్ష్మణమ్మ వెనక్కి తిరిగింది. "నవ్వుతారేటి? పెళ్ళింటికొచ్చిన ఇత్తడి ఇలాగేనా ఉంచుతారు, సగం రంగు, సగం మట్టి. ఒసే, సింతపండు తేండే."

తెచ్చారు. కొంగులు దోపుకుని ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ కలిసిపోయి, వియ్యాలవారి మర్యాదలింకా మొదలవకుండానే, మూతి చుట్టూ మూగి గీకి, తోమి, నీళ్ళు కొట్టి, రంగు పెళ్ళలు గాజు ముక్కల్లా కింద రాలుతుంటే, "ఇటు బుగ్గ నువ్వు పట్టే", "ఈ కన్ను నాది" అని పంచుకుని తోమారు. పొద్దు సంత వీధి మీదుగా ఏటవాలుగా వచ్చి తగిలేసరికి ఎవరూ చూడలేకపోయారు, చేతులు అడ్డం పెట్టుకున్నారు. వెనక ఒళ్ళంతా ఎరుపు, ముందు మొహమంతా బంగారం, దాని నడుమ చుక్కల్లో మా ఆవిడ. పెళ్ళికొడుకు దిగుతూ, "నాన్నా, రేపు ఆమదాలవలస దీంట్లోనే ఎల్తాం, ఇద్దరం" అన్నాడు. అప్పలసూరి నోరు తెరిచి, మూసి, చుట్టూ మొహాలు చూశాడు, చప్పున జనం వైపు తిరిగాడు. "ఇజీనారంలో ఇలాటిది ఉందేటి? ఉంటే సూపించమనండి" అన్నాడు, తనే సుత్తి పట్టుకుని కొట్టినట్టు. ఎవరో నా మోచెయ్యి పట్టుకుని టెక్కలిలో పెళ్ళి అంటున్నారు, ఇంకెవరో పాతపట్నం అంటున్నారు, ఇత్తడి కారే కావాలంటున్నారు, నేను వింటున్నాను, వినడం లేదు.

ఖాళీ సీటు, చల్లబడ్డ ఇంజను. మొదటి గేరు, క్లచ్చి పూర్తిగా వదిలేశాను, రెండో గేరు, పిక్క విడిపోయింది, మూడో గేరు, గాలి. గాలి మొహానికి, గాలి ఇత్తడికి, అరుగుల మీంచి ఎవరో నా పేరు పెట్టి పిలుస్తున్నారు, ముసలాయన కర్ర ఎత్తాడు, తిట్టడానికో దీవించడానికో, చెయ్యి ఊపాను. పొద్దు గుంకకముందే పక్క ఊళ్ళో మా వీధి మలుపు తిరిగి హారను కొట్టాను, ఇన్నేళ్ళలో ఇంటి ముందు ఎప్పుడూ కొట్టలేదు, వదలకుండా కొట్టాను. తాయారు బియ్యం కడిగిన చేతులతో గుమ్మంలోకి వచ్చింది, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తన మొహం మీద ఆ వెలుగు పడి గోడ మీదకి జారింది. గుమ్మం దిగి వచ్చి మూతి మీద చుక్కల మీద తడి వేలు పెట్టింది.

"ఊరందరూ సూసేరా?" అంది.

"సదివేరు" అన్నాను. పక్క తలుపు తీశాను. "ఎక్కు."

"పెళ్ళికొడుకుల సీటు కాదేటి" అంటూనే, చేతులు పైటకి తుడుచుకుంటూ, వచ్చి కూర్చుంది.